సువార్త జీపుకి కొత్త టైర్లు

ఆ రోజుల్లో ఎవరైనా బండి దిగితే ముందు వాళ్ల ముఖం చూసేవాణ్ణి కాదు, ఆ బండి టైర్లు చూసేవాణ్ణి. అంచులు అరిగితే మనిషి నిర్లక్ష్యంగా ఉండేవాడనీ, నడిమధ్య అరిగితే అవసరానికి మించి గాలి కొట్టించే ఆత్రగాడనీ, పక్కలు పగుళ్లిస్తే ఇంట్లో మాట చెల్లనివాడనీ నాకు నేనే ఒక శాస్త్రం తయారు చేసుకున్నాను. (పెళ్లి సంబంధాలు చూడ్డానికి కూడా ఈ శాస్త్రం పనికొస్తుందని మా అమ్మతో అంటే, ఆవిడ చేతిలో గరిట నావైపు చూపించి "ముందు నీ సైకిలుకి గాలి కొట్టించుకోరా" అంది.) ఫోనులో వీడియోలు చూసి సంపాదించిన జ్ఞానం అప్పుడప్పుడే జనంలోకి వస్తున్న కాలం. ఎక్కడో ఎడారుల్లో, మంచుకొండల్లో తిరిగే బండ్ల గురించి ఎవరో చెబుతుంటే, కొవ్వూరులో మా వీధి అరుగు మీద కూర్చుని నేను తల ఊపేవాణ్ణి. నేను అప్పటిదాకా ఎక్కిన పెద్ద ఎత్తు గోదావరి గట్టు.

గోదావరికి అవతల, రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కొత్తగా గుమస్తాగా చేరాను. పొద్దున్నే బస్సెక్కి బ్రిడ్జి దాటడం, పిల్లల బస్సు పాసుల మీద స్టాంపులు గుద్దడం, సాయంత్రం మళ్లీ బ్రిడ్జి దాటి ఇంటికి రావడం, ఇదీ నా సాహసజీవితం. అలాంటి నా చేతికి సువార్త జీపు వచ్చింది. అది మా చర్చికున్న పాత జీపు. పోలవరం దాటాక కొండల్లో ఉన్న చిన్న చిన్న ఊళ్లకి మా పాస్టరు గారు ఆరాధన జరపడానికి అందులోనే వెళ్లేవారు. (మా వైపు పాస్టరు గారిని అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ అంటాం. ఇకమీదట నేనూ అలాగే అంటాను. వేరేలా పిలిస్తే ఇప్పటికీ నోరు తిరగదు.) ఏళ్ల తరబడి ఆ జీపు నడిపిన డ్రైవరు తాతయ్యకి కంటి ఆపరేషను అయింది. లైసెన్సున్న కుర్రాడు, సెలవు రోజుల్లో పనీపాటా లేనివాడు సంఘంలో ఎవడా అని వెతికితే, రెండు అర్హతలూ పుష్కలంగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే తేలాను.

నా మొదటి ప్రయాణమే ఒక పెళ్లికి. కొండల్లోని ఒక ఊళ్లో పందిరి వేసి, బంధువులందరూ దిగి, అయ్యగారి కోసం ఎదురు చూస్తున్నారు. మేము పోలవరం దాటిన కాసేపటికి వెనక టైరు ఢామ్మని పేలింది. స్టెప్నీ వేశాం. అది ఆ పేలినదాని కంటే పెద్దది కాబోలు, వయసులో. ఇంకో మలుపు తిరిగేలోగా అదీ నిట్టూర్చి కూలబడింది. ఆ రోజు మేము ఒక ఇసుక లారీలో కూర్చుని వెనక్కి వచ్చాం, పెళ్లి ఆగిపోయింది. పెళ్లికూతురు మాత్రం ఫోనులో ఏడవలేదు. "పర్లేదండి అయ్యగారూ, పందిరి అలాగే ఉంచుతాం. వచ్చే నెల రండి. వస్తారు కదండీ?" అంది. ఆ చివరి ప్రశ్న అయ్యగారికి ముల్లులా గుచ్చుకుంది. పైగా పెళ్లికొడుకు నాయనమ్మ, ఈసారి కూడా పాస్టరు రాకపోతే ఈ సంబంధమే అచ్చిరాలేదని అనుకుంటామని కబురు పంపింది. ఎవరో ఇద్దరి కాపురం మా జీపు టైర్ల మీద ఆధారపడింది. నాకు భయం వేయాల్సింది, కానీ నిజం చెప్పాలంటే ఒళ్లు పులకరించింది. నా జ్ఞానానికి వేళ వచ్చింది కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి ఇంటి వరండాలో కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ఎందరో ఉన్నా, మాట్లాడేది ఒక్కరే, మా ట్రెజరరు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. చాక్‌పీసు ముక్క వేళ్లకి అందనంత చిన్నదయ్యేదాకా రాసి, ఆ తర్వాత దాన్ని పొడి చేసి ముగ్గులో కలిపించిన మనిషి. నేను లేచి నిలబడి, టైర్లు మూడు రకాలనీ, రోడ్డు మీద మెత్తగా పోయేవి ఒకటి, పెద్ద పెద్ద పళ్లతో బురదని చీల్చుకుపోయేవి ఇంకొకటి, రెండింటికీ మధ్యస్థంగా అన్ని నేలల మీదా నడిచే ఆల్ టెరైన్ టైర్లు మూడోవనీ మొదలుపెట్టి, రబ్బరు మెత్తదనం, పళ్ల మధ్య సందులు, పక్కభాగంలో పొరలు అంటూ కొండెక్కిపోయాను. కమిటీలో సగంమంది కళ్లు మూసుకున్నారు. ప్రార్థన చేస్తున్నారనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "పాతవాటికే పైన కొత్త రబ్బరు అతికించి రీట్రెడింగు చేయిద్దాం. పూర్వం ఎడారిలో నడిచిన జనానికి నలభై ఏళ్లు చెప్పులు అరగలేదని బైబిల్లో మనం చదువుకోలేదా?"

"చదువుకున్నామండీ," అన్నారు అయ్యగారు, వాపెక్కిన మోకాలు నిమురుకుంటూ. "కానీ వాళ్లకి మన కొండదారిలో బురద తగల్లేదండీ."

కొత్త టైర్లకి ఒప్పుకున్నారు. అప్పుడు నేను నా ఫోనులో బొమ్మ చూపించాను. నల్లటి టైరు పక్కన ముత్యాల్లాంటి తెల్లటి పెద్ద అక్షరాలు. రాత్రిళ్లు కలలో కూడా ఆ అక్షరాలే తిరిగేవి నాకు. హెడ్మాస్టరు గారు కళ్లజోడు సర్దుకుని అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివారు. "దేవుడి బండి మీద కంపెనీ పేరేంటయ్యా? మనం వెళ్లేది వాక్యం చెప్పడానికా, రబ్బరు అమ్మడానికా?" అక్కడ మొదలైన వాదన టీలు చల్లారేదాకా సాగింది. అక్షరాలకి నల్లరంగు పూయిద్దామని ఒకరు, వాటి మీద వాక్యం రాయిద్దామని ఇంకొకరు. చక్రం తిరిగితే వాక్యం తలకిందులవుతుందని, అది తప్పు కాదా అని మరొకరు. చివరికి అమ్మగారు గుమ్మంలోంచి, "అక్షరాలు లోపలివైపుకి తిప్పి బిగించమంటే సరిపోతుంది కదండీ" అన్నారు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, నేను తప్ప. నా టైర్ల అందమంతా జీపు కడుపు చూసుకోవడానికి పోయింది.

టైర్లు కొనడానికి, ఎవరివో పాత టైర్లు అరువు తెచ్చి బిగించిన జీపులో రాజమండ్రి వెళ్లాం, నేనూ, హెడ్మాస్టరు గారూ. మందుల షాపు పని మీద అమ్మగారు కూడా జీపెక్కారు. షాపాయన ఎదురొచ్చి, "ఏం బండండీ? ఎక్కడెక్కడ తిరుగుద్దండీ?" అని అడిగాడు. అడిగినందుకు నేను మళ్లీ రబ్బరు మెత్తదనం దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. ఆయన చాలా మర్యాదస్తుడు. "ఆయ్, అలాగాండీ, ఆయ్," అంటూ అంతా విని, "కాఫీ తాగుతారాండీ?" అన్నాడు. ఈలోగా హెడ్మాస్టరు గారు వరసగా పేర్చిన టైర్లని బజారులో వంకాయల్లా బొటనవేలితో నొక్కి చూస్తూ, ఒకదాని దగ్గర వంగి వాసన కూడా చూశారు.

అసలు పరీక్ష అప్పుడొచ్చింది. నెలరోజులు ఆల్ టెరైన్ అని పలవరించిన నేను, గోడకి ఆనించిన బురద టైరుని కళ్లారా చూడగానే చలించిపోయాను. ఒక్కొక్క పన్నూ నా పిడికిలంత ఉంది. అది వేసుకుంటే మా జీపు సింహంలా ఉంటుంది. "ఇదే తీసుకుందాం మాస్టారూ" అన్నాను, దాన్ని రెండు చేతులా పట్టుకుని. ఆయనేమో రోడ్డు టైరు మీద చెయ్యి వేసి, "ఇదైతే నున్నగా ఉంది, డీజిలు కలిసొస్తుంది" అన్నారు. చెరో టైరూ పట్టుకుని ఇద్దరం బిగుసుకుపోయాం. అమ్మగారు మందుల సంచీతో వచ్చి మా ఇద్దర్నీ చూశారు.

"బాబూ, మనం ఎక్కువ పోయేది రోడ్డు మీదా, బురదలోనా?"

"రోడ్డు మీదేనమ్మగారూ. ఆఖర్న మాత్రం బురద."

"అయితే మధ్యలోది తీసుకోండి. ఎండ ముదరకుండా ఇంటికి పోదాం."

నా నెలరోజుల పరిశోధన సారమంతా అంతే. ఆవిడ ఒక్క వీడియో కూడా చూడలేదు.

అక్షరాలు లోపలికి తిప్పి నాలుగూ బిగించారు. స్టెప్నీ కూడా కొత్తదే. బ్రిడ్జి మీదకి ఎక్కగానే టైర్లు తేనెటీగల గుంపులా రొద పెట్టాయి. "ఏంటయ్యా ఆ చప్పుడు?" అని హెడ్మాస్టరు గారు ఉలిక్కిపడితే, "అది ఆ టైర్ల గొంతు మాస్టారూ, నేలని పట్టుకుంటున్నాయి" అన్నాను గర్వంగా. ఆ వారమంతా సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఏదో ఒక వంకతో జీపుని వీధిలోకి తీసేవాణ్ణి. కొత్తిమీర కట్ట తెమ్మని మా అమ్మ అంటే జీపులో వెళ్లి తెచ్చాను. చక్రాల ముందు ఎవరైనా కాస్త నిదానంగా నడిస్తే చాలు, కిందికి దిగి వాళ్లకి టైరు గురించి వివరించేవాణ్ణి. మా వీధిలో జనం నడక వేగం ఆ వారంలో బాగా పెరిగింది.

పెళ్లిరోజు రానే వచ్చింది. అంతకుముందే తొలకరి పడి దార్లన్నీ నానిపోయాయి. ముందు సీట్లో అయ్యగారు, వెనక అమ్మగారూ హెడ్మాస్టరు గారూ, వాళ్ల మధ్య పెళ్లికూతురి తెల్లచీరా పూలదండలూ ఉన్న పెట్టె. పోలవరం దాటి మట్టిదారిలోకి దిగాక, ఎర్రమట్టి ఎత్తు ఒకటి తగిలింది. ఒక ట్రాలీ ఆటో ఎక్కలేక పక్కకి ఒరిగి ఆగి ఉంది. నేను గేరు మార్చి, ఊపిరి బిగబట్టి పోనిచ్చాను. జీపు కాస్త ఊగింది, ఆ తర్వాత మెట్లెక్కుతున్నట్టు ఒక్కో అడుగే వేసుకుంటూ పైకి చేరింది. వెనక నుంచి హెడ్మాస్టరు గారు "పర్వాలేదే!" అన్నారు. ఆయన చేతి కింద చదువుకున్న రోజుల్లో నాకు ఆ మాట ఒక్కసారి కూడా దక్కలేదు. అది నా తలకెక్కింది. జరిగినదానికంతటికీ ఆ ఒక్క మాటే కారణమని నా నమ్మకం.

ఊరికి కాస్త ఇవతల ఒక వాగు ఉంది. నీళ్లు చీలమండలోతు కూడా లేవు, అడుగున ఇసుక. ఆగకుండా పోనిస్తే చల్లగా దాటిపోయేవాళ్లం. కానీ నేను నడివాగులో జీపు ఆపి, వెనక్కి తిరిగి, "ఇప్పుడు చూడండి మాస్టారూ, ఫోర్ వీల్ వేస్తాను. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయి. అసలు ఆల్ టెరైన్ టైర్ల అందం అప్పుడే తెలుస్తుంది" అని, ఫోర్ వీల్ లివరుని పట్టుకుని ఠీవిగా వెనక్కి లాగాను. ఆక్సిలరేటరు తొక్కాను. ఇంజను గర్జించింది. జీపు ముందుకి కదల్లేదు, కిందికి కదిలింది. ఇంకా గట్టిగా తొక్కాను, ఇంకా కిందికి వెళ్లింది. వీడియోలో చెప్పినట్టు దిగి టైర్లలో గాలి కొంచెం తీశాను. మళ్లీ తొక్కితే వెనక చక్రాలు సగం దాకా ఇసుకలో కూరుకుపోయాయి.

అమ్మగారు గొడుగు వేసుకుని, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి నీళ్లలోకి దిగి, జీపు పక్కన నిలబడి చూశారు. "బాబూ, ముందు చక్రాలు తిరగట్లేదు."

"తిరుగుతాయమ్మగారూ, లివరు వేశాను."

"నువ్వు లివరు వేశావు. అవి తిరగట్లేదు."

నేను నీళ్లలో వెల్లకిలా పడుకుని జీపు కిందికి దూరాను. (అప్పుడు కనిపించాయి ఆ తెల్లటి అక్షరాలు, ఎంతో అందంగా.) ఇంజను బలాన్ని ముందు చక్రాలకి తీసుకెళ్లే పొడుగాటి కడ్డీ ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. అదృష్టం కొద్దీ ఫోనులో ఒక గీత సిగ్నలుంటే డ్రైవరు తాతయ్యకి ఫోను చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాను.

"ఆ కడ్డీనా బాబూ? అది ఎప్పుడో తీయించేశారు కదండీ. ముందు చక్రాలు ఊరికినే డీజిలు తాగేత్తన్నాయని హెడ్మాస్టరు గారే దగ్గరుండి ఇప్పించారండి. ఆయ్."

అందరం జీపు వెనక సీటు వైపు తిరిగాం. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి, కండువాతో చాలాసేపు తుడిచారు. తర్వాత నెమ్మదిగా, "మా ఇంట్లో అటక మీద ఉంది. నూనె రాసి, గోనెసంచి చుట్టి పెట్టాను. తుప్పు పట్టలేదు" అన్నారు. తుప్పు పట్టలేదన్న మాటలో కొంచెం గర్వం కూడా ఉంది. అయ్యగారు ముందు సీట్లో రెండు చేతుల్లోనూ ముఖం దాచుకున్నారు. దుఃఖిస్తున్నారేమో అనుకుని నేను దగ్గరికి వెళ్లాను. భుజాలు అదిరేలా నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నెలరోజులు నలుగురి చెవులూ హోరెత్తించి టైర్లు ఎంచిన నాకు, ఆ టైర్లని తిప్పేదేంటో ఒకసారి వంగి చూడాలని తోచలేదు కదా అని ముఖం వేడెక్కిపోయింది.

నవ్వు అయ్యాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఊరు ఇంకా కొండవాలు పైన ఉంది. ఆ జారుడు దారిలో ఆ మోకాలితో అయ్యగారు నాలుగడుగులు కూడా వేయలేరు. ఎత్తుకెళ్తామన్నా ఆయన ఒప్పుకోరు. పైన పందిరిలో పెళ్లికొడుకు నాయనమ్మ ఎదురు చూస్తోంది. అయ్యగారు ఫోను తీసుకుని పెళ్లికూతురికి తనే చెప్పారు. "అమ్మా, వాగు దాకా వచ్చాను. ఇక్కడ దిగబడ్డాం." ఆ అమ్మాయి గొంతు స్పష్టంగా వినబడింది. "ఇంత దూరం మీరు వచ్చారు కదండీ. మిగతా దూరం మేం వస్తాం. అక్కడే ఉండండి." (ఎక్కడికి పోగలం?)

కాసేపటికి డప్పుల చప్పుడు దగ్గరవుతూ వచ్చింది. చెట్ల మలుపు తిరిగి పెళ్లి ఊరేగింపంతా కొండ దిగుతోంది. గొడుగులు, తాటాకు గిడుగులు, నెత్తిన అన్నం గుండిగలు, పందిరి నుంచి విప్పుకొచ్చిన మామిడాకుల తోరణాలు. అందరికంటే ముందు ఊతకర్ర పట్టుకుని ఒక ముసలావిడ. ఆవిడే ఆ నాయనమ్మ. తిన్నగా నా దగ్గరికొచ్చి, నన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది. అప్పుడు నేను నడిచే బురదముద్దలా ఉన్నాను.

"బండి ఇసకలో దిగబడేసింది నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి."

"మంచి పని చేసేవు. ఈసారి ఎనక్కి ఎల్లిపోడానికి లేదు."

పెళ్లి ఆ వాగు ఒడ్డునే జరిగింది. అమ్మగారు ఒక దుప్పటి అడ్డం పట్టించి పెళ్లికూతురికి తెల్లచీర కట్టారు. జీపు ముక్కుకి మామిడాకులు కట్టారు. అయ్యగారు ఆ జీపుకే ఆనుకుని నిలబడి ప్రమాణాలు చేయించారు. సన్నగా తుంపర పడుతుంటే నేను ఆయన మీద గొడుగు పట్టాను. "కష్టంలోనూ సుఖంలోనూ" అనే చోటికి వచ్చినప్పుడు పెళ్లికొడుకు ఓరగా ఇసుకలో కూరుకుపోయిన మా చక్రాల వైపు చూశాడు. పెళ్లికూతురు మోచేత్తో ఒక పోటు పొడిచింది. ఇద్దరూ నవ్వాపుకోలేక ఎర్రబడిపోయారు. వాళ్లిద్దర్నీ చూస్తుంటే నా సిగ్గు కాస్త తగ్గింది.

భోజనాలయ్యాక పెళ్లివారందరూ కలిసి తాళ్లు కట్టి జీపుని లాగారు. పెళ్లికొడుకు కొత్త ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకున్నాడు. హెడ్మాస్టరు గారు ఎవరు వద్దన్నా వినకుండా పంచె ఎగ్గట్టి వెనక నుంచి తోశారు. నేను ఆక్సిలరేటరు తొక్కాను. జీపు ఒక్క ఊపుతో గట్టెక్కింది. ఆల్ టెరైన్ టైరు బురదని ఎంత దూరం, ఎంత చిక్కగా విసురుతుందో ఏ వీడియోలోనూ చెప్పలేదు. వెనక్కి తిరిగి చూస్తే, హెడ్మాస్టరు గారిలో కళ్లజోడు ఉన్న చోటు మాత్రమే మనిషి అని తెలుస్తోంది. ఆయన ఆ కళ్లజోడు కూడా తీసి, "టైర్లు మంచివేనయ్యా" అన్నారు. కొత్త దంపతుల్ని ఆ జీపులోనే వాళ్ల ఊరికి తీసుకెళ్లాను. వెనక రెండు చక్రాలతోనే ఆ వాలంతా ఎక్కింది, ఎక్కడా జారలేదు. మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు గారు గోనెసంచి మూటని స్కూటరు మీద అడ్డంగా పెట్టుకుని చర్చికి వచ్చారు. నిజంగానే తుప్పు పట్టలేదు.

ఇప్పుడు మా సంసారం రాజమండ్రిలో. ఆ జీపు ఎప్పుడో చేతులు మారింది. కొండల్లోని ఆ ఊరు పోలవరం ప్రాజెక్టు ముంపు కింద ఖాళీ అయింది. అక్కడి వాళ్లని కిందికి తెచ్చి కాలనీ కట్టారు. ఈమధ్య ఆ దంపతులు చిన్నబిడ్డ బాప్తిస్మానికి పిలిస్తే, మా చిన్న కారులో భార్యాపిల్లల్ని ఎక్కించుకుని వెళ్లాను. ఆనాటి పెళ్లికూతురు గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఈసారి లోపలిదాకా వచ్చేశారండీ!" అని నవ్వింది. ఇల్లు బాగుంది, కుళాయి ఉంది, బడి కూడా దగ్గరే. వాగు గుర్తొస్తుందా అని అడిగితే, "పిల్లలకి చెబుతుంటానండి. వాళ్లు నమ్మరు" అని, కాసేపు కొండల వైపు చూసి, పప్పు కలపడానికి లోపలికి వెళ్లిపోయింది.

తిరిగి బయల్దేరేటప్పుడు అలవాటు కొద్దీ వంగి టైర్లు చూశాను. నున్నటి సిమెంటు రోడ్డు మీద వచ్చాం కదా, వాటికి దుమ్మైనా సరిగ్గా అంటలేదు. అదృష్టవంతుణ్ణి అనుకోవాలి. కానీ ఆ శుభ్రమైన టైర్లని చూస్తుంటే, వాగు మధ్యలో జీపు ఆపి ఠీవిగా లివరు లాగిన ఆ కుర్రాడు కళ్ల ముందుకొచ్చాడు. వాడి భుజం తట్టి, "ఆపకురా, పోనియ్" అని చెప్పాలనిపించింది. మళ్లీ, వాడు ఆపకపోతే ఆ పెళ్లి అందరి పెళ్లిళ్లలాగే పందిట్లో జరిగిపోయేది కదా అనిపించి, ఏమీ చెప్పకుండా వాణ్ణి అక్కడే వదిలేసి కారు తీశాను.